అధ్యాపకులకు బోధనలో తోడ్పాటు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల డిగ్రీ, పీజీ కాలేజీల్లో అధ్యాపకులతో కలిసి వాళ్ల బోధనపై పనిచేస్తుంటాను. వెనక బెంచీలో కూర్చుని క్లాసు చూస్తాను, తర్వాత ఇద్దరం మాట్లాడుకుంటాం. ఈ పని గురించి తరచుగా వినే మాటలు కొన్ని.

అపోహ: నెట్, సెట్ (లెక్చరర్ల అర్హత పరీక్షలు), పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు పాఠం చెప్పడం ఎవరు నేర్పాలి?

నెట్ మొదటి పేపర్లో బోధనపై ప్రశ్నలున్నా అవి ఆప్షన్లలోంచి గుర్తించేవే, క్లాసు చెప్పించి చూడరు. బడి టీచరుకు బీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీస్ ఉంటుంది, డిగ్రీ లెక్చరర్‌కు ఆ అవకాశమే రాదు. అధ్యాపకుల శిక్షణ కోసం యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 1987లో మొదలుపెట్టిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. అక్కడి శిక్షణ మంచిదే. కానీ తిరిగొచ్చాక క్లాసులో మళ్లీ ఒంటరే.

అపోహ: క్లాసు చూడటానికి వచ్చారంటే తనిఖీకే.

కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వస్తోందంటే కాలేజీలో ఎంత టెన్షనో తెలిసిందే, కాబట్టి ఈ భయం సహజం. నేను మార్కులు వేయను, ప్రిన్సిపాల్‌కు రిపోర్టు ఇవ్వను. ఏం గమనించాలో అధ్యాపకులే చెబుతారు, రాసుకున్న కాగితం వాళ్లకే ఇచ్చేస్తాను.

అపోహ: 'అర్థమైందా' అంటే 'అయింది సార్' అన్నారు, ఇంకేం కావాలి?

అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. దేవరకొండ వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ క్లాసు, రసాయన సమతాస్థితి పాఠం. సమతాస్థితిలో ఉన్న చర్యపై పీడనం లాంటిది మారిస్తే, ఆ మార్పును తగ్గించే వైపు చర్య జరుగుతుందనే లీ షాటెలియర్ సూత్రాన్ని పిల్లలు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పారు. మేడం అరకాగితంపై ఒక్క ప్రశ్న రాయమన్నారు: నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యేచోట పీడనం పెంచితే అమ్మోనియా పెరుగుతుందా, తగ్గుతుందా, ఎందుకు? చాలా కాగితాల్లో 'ఎందుకు' దగ్గర ఖాళీ. తెలుగులో రాసినా సరేనని ఆమె అనగానే పెన్నులు కదిలాయి. నాలుగు మోల్‌ల వాయువు రెండు మోల్‌లు అవుతుంది, అందుకే పీడనం పెంచితే అమ్మోనియా పెరుగుతుందన్న సంగతి కొందరికి తెలుసు, ఇంగ్లీషులో పెట్టలేకపోయారు. మిగతావాళ్లకు సూత్రమే అందలేదు. ఈ రెండు ఇబ్బందులకూ మందు ఒకటి కాదు. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలున్న మన క్లాసుల్లో ఈ తేడా పట్టుకోవడం చాలా ముఖ్యం.

ప్రశ్న అడిగాక ఆగడం ఇంకోటి. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. నేను చూసే చాలా క్లాసుల్లో ఆ మూడు సెకన్లు కూడా ఉండవు.

అపోహ: విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ బాగుంటే బోధన బాగున్నట్టే.

హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. తామే లెక్కలతో కుస్తీ పట్టిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. అలాగని ఫీడ్‌బ్యాక్ వద్దనను. సెమిస్టర్ చివర కాకుండా మధ్యలోనే తీసుకోండి. ఎక్కడ ఆగిపోతున్నారో అడగండి. తర్వాతి క్లాసులో ఏం మారుస్తున్నారో పిల్లలకు చెప్పండి.