నీళ్ళ ట్యాంకులో కలిపిన మందు: కోళ్ళ వివాదానికి అసలు మూలం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్రాయిలర్ కోళ్ళకు వాడే యాంటీబయాటిక్స్ మీద వివాదం మళ్ళీ రాజుకుంది. మందుకు బదులు దాణాలో యాంటీబాడీ (సూక్ష్మజీవులను పట్టుకునే రక్షక ప్రోటీన్) శకలాలు కలిపే పద్ధతి ప్రస్తావన కూడా ఈసారి వస్తోంది. ఆ అవసరం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 2005లో అమెరికా తీసుకున్న నిర్ణయాన్ని చూడాలి.

ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను అక్కడ కోళ్ళకు 1996లో అనుమతించారు. వేల కోళ్ళున్న షెడ్డులో జబ్బుపడినవాటిని ఏరి మందు పట్టడం కుదరదు కనుక నీళ్ళలో కలిపి అన్నింటికీ తాగించారు. కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా కోడి పేగుల్లో ఉన్నా దానికి సాధారణంగా జబ్బు చేయదు. మనిషికి చేరితే మాత్రం జ్వరం, కడుపునొప్పి, ఒక్కోసారి నెత్తుటి విరేచనాలు పట్టుకుంటాయి. వేరే జబ్బు కోసం తాగించిన మందు దీన్నీ తాకింది. లొంగనివి మిగిలి పెరిగాయి. మనుషులకిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌దీ అదే మందుల కుటుంబం కావడంతో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో అనుమతి రద్దును ప్రతిపాదించింది. ఆ మందు తయారుచేసే బేయర్ కంపెనీ దాదాపు ఐదేళ్ళు వాదించి ఓడిపోగా, 2005 సెప్టెంబరులో ఆ వాడకం ఆగిపోయింది. మందు మోతాదు సరిగ్గా పాటించినా, గుంపు మొత్తానికి తాగించే పద్ధతిలోనే ప్రమాదం ఉందని అక్కడ తేలింది.

మన దేశంలో కోలిస్టిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను ఆహార జంతువులకు వాడకుండా 2019లో నిషేధించారు. మందుల పట్టిక మారింది గానీ మందును నిర్ణయించే చేయి మారలేదు. ఒప్పందం మీద కోళ్ళు పెంచే రైతు మాట ఇక్కడ వినాలి: పిల్ల, దాణా, మందు కంపెనీ నుంచి వస్తాయి; షెడ్డు, కరెంటు, ఊక, కూలి రైతువి. సూపర్‌వైజర్ చెప్పిన మందును ట్యాంకులో కలిపిన మనిషినే ఇప్పుడు దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. మందు ఆపాక నిర్ణీత గడువు దాటాకే కోళ్ళను అమ్ముతున్నామని కంపెనీలంటున్నాయి. ఆ గడువు మాంసంలో మందు అవశేషాన్ని తగ్గిస్తుంది. పేగులో అప్పటికే మొండికెత్తిన బ్యాక్టీరియాను తగ్గించదు.

యాంటీబాడీ శకలాల దారి వేరు. మామూలు యాంటీబాడీలో బరువు, తేలిక ప్రోటీన్ గొలుసులు రెండూ ఉంటాయి; ఒంటెల రక్తంలో బరువు గొలుసులు మాత్రమే ఉన్న యాంటీబాడీలు ఉన్నాయని బ్రస్సెల్స్ పరిశోధకులు 1993లో ప్రకటించారు. వాటిలో బ్యాక్టీరియాను పట్టే కొస మాత్రమే తీసుకుంటే, అది మామూలు యాంటీబాడీలో పదో వంతు ఉంటుంది. సూక్ష్మజీవుల్లో తయారు చేయవచ్చు. కెనడా శాస్త్రవేత్తలు ఒంటె కుటుంబానికే చెందిన లామా నుంచి తీసిన అలాంటి శకలాలను ఐదేసిగా కలిపి కోళ్ళకు నోటి ద్వారా ఇచ్చి, పేగుల్లో కాంపిలోబాక్టర్ తగ్గినట్టు 2013లో ప్రచురించారు. కాంపిలోబాక్టర్ కదలడానికి వాడే తోకను అవి పట్టుకుంటాయి, దాన్ని చంపవు. అయితే ఆ తోకను పట్టే శకలం సాల్మొనెల్లా అనే మరో బ్యాక్టీరియా మీద పనిచేయదు, దానికి వేరొకటి కావాలి.

బాగా ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుందన్న వాదన నిజమే. కానీ ఆదివారం చికెన్ కొట్టులో పేగులు తీసిన చేత్తోనే ముక్కలు కొట్టి, అదే బకెట్ నీళ్ళలో కత్తి ముంచుతారు. ఇంట్లో ఆ ముక్కలు పెట్టిన పీట మీదే ఉల్లిపాయ తరుగుతారు. అందుకే షెడ్డులోనే తగ్గించాలి. గరివిడి పశువైద్య కళాశాల చేరువలోనే ఉంది. ఈ పద్ధతిని మన ఎండల్లో, మన ఊక మీద పెరిగే కోళ్ళలో పరీక్షించి, ఫలితాలను రైతుల ముందు పెట్టాలి. ఆ ఖర్చును రైతుకిచ్చే పెంపకం చార్జీలో కోయబోమని కంపెనీలు ముందే రాసివ్వాలి.