ఉప్పుగాలిలో రంగులు: తీరపట్టణాల గోడచిత్రాలపై అపోహలు – వాస్తవాలు

గోడలమీద చిత్రాలు వేయడం నా వృత్తి. ఏడాదిలో సగం రోజులు కారవాన్‌లోనే, అంటే చక్రాలమీద వెంట తీసుకెళ్లే ఇంట్లోనే, గడుస్తాయి. ఒక తీరపట్టణంలో పని ముగియగానే రంగు డబ్బాలు, కుంచెలు, రోలర్లు సర్దుకుని మరో ఊరికి బయలుదేరుతాను. పని చేస్తుండగా ఆగి పలకరించేవాళ్లలో చాలామంది నాలాగే కారవాన్‌లో వచ్చినవాళ్లు. వీధిచిత్రాలు చూడటానికే ఊరూరూ తిరుగుతుంటారు. వాళ్లు ఎంత ఇష్టంగా అడుగుతారో, అంత గట్టిగా కొన్ని తప్పు నమ్మకాలు కూడా పట్టుకుని ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం ఒక్కచోటే మొదలవుతాయి: అందరూ రంగును చూస్తారు, దాన్ని మోస్తున్న గోడను చూడరు.

అపోహ: సముద్రపు గాలి రంగును తినేస్తుంది.

వాస్తవం: తీరంలో గోడచిత్రం ఎక్కువగా పాడయ్యేది ముందు నుంచి కాదు, వెనక నుంచి. అలల తుంపరతో వచ్చిన ఉప్పు గోడ రంధ్రాల్లో చేరుతుంది. పునాదిలోంచి ఎగబాకే చెమ్మ నేలలోని లవణాలను కూడా పైకి తెస్తుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. తేమ తగ్గగానే మళ్లీ స్ఫటికాలుగా గట్టిపడుతుంది. తీరంలో ఇది ఒక్కరోజులోనే జరగవచ్చు, రాత్రి కరగడం, మధ్యాహ్నానికి గట్టిపడటం. సన్నని రంధ్రాల్లో స్ఫటికాలు పెరిగేటప్పుడు పుట్టే ఒత్తిడికి సిమెంటు గిలాబాయే పొడిపొడిగా రాలుతుంది. ఇక దానిమీది పలుచని రంగు పొర నిలుస్తుందా?

ఈసారి ఏదైనా తీరపట్టణానికి వెళ్లినప్పుడు గమనించండి. పైన చిత్రం చెక్కుచెదరకుండా ఉండి, నేలకు మీటరు ఎత్తు లోపు మాత్రం బుడగలెత్తి పెచ్చులూడిందంటే, తప్పు రంగుది కాకపోవచ్చు. ముందుగా అనుమానించవలసింది చౌడు పట్టిన గోడనే.

అందుకే కొత్త గోడ ఒప్పుకునే ముందు దానిమీద చదరంగా ఒక ప్లాస్టిక్ కాగితం పరచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు వదిలేస్తాను. మర్నాడు కాగితం లోపలివైపు నీటి చుక్కలు కనిపిస్తే, చెమ్మ గోడలోనే ఉందన్నమాట. అప్పుడు ముందు ఆ చెమ్మ సంగతి చూడాలి, చిత్రం తరవాత. గోడలోంచి పొంగిన తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే అది కరిగి వచ్చిన దారినే లోపలికి పోతుంది. ఎంతో మంచి మనసుతో గోడ కడిగి పెట్టి నాకోసం ఎదురుచూసిన ఊరివాళ్లను చూశాను. ఆ గోడ ఆరేదాకా కొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది.

ముందు నుంచి జరిగే నష్టం ప్రధానంగా ఎండ పని. అతినీలలోహిత కిరణాలకు అన్ని రంగులూ ఒకేలా లొంగవు. ఇనుము ఆక్సైడ్‌తో వచ్చే ఎరుపులు, మట్టి పసుపులు తరాల తరబడి నిలుస్తాయి. కళ్లు జిగేలుమనేంత మెరిసే ఫ్లోరసెంట్ రంగులు ఆరుబయట కొన్ని నెలల్లోనే పాలిపోతాయి. పాత చిత్రాల్లో చెట్లు నీలంగా ఎందుకున్నాయని చాలామంది అడుగుతారు. అలా వేయలేదు. పసుపూ నీలమూ కలిపి చేసిన ఆకుపచ్చలోంచి పసుపు ముందుగా ఎగిరిపోతే, మిగిలేది నీలమే.

అపోహ: పైన మందంగా వార్నిష్ కొడితే చిత్రం ఎప్పటికీ భద్రం.

వాస్తవం: ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, ఒక రేవు పక్కనున్న పాత ఇటుక గోడమీద నెలరోజులు కష్టపడి చిత్రం వేశాను. ఇంకా గట్టిగా ఉంటుందనుకుని నీరు చొరని వార్నిష్ రెండు పూతలు వేశాను. రెండో వానాకాలం తిరిగేసరికి రంగు దుప్పటిలా ఊడి వేలాడుతోంది. నీరు బయటినుంచి రాకుండా ఆపాను సరే, గోడలో ఉన్న నీరు బయటికి పోయే దారి కూడా మూసేశాను. అది పొర వెనకాల పేరుకుని, దాన్ని తోసేసింది. ఆ చిత్రంలో ఆ రేవులో పనిచేసిన ఒక ముసలాయన ముఖం ఉంది. ఆయన రోజూ వచ్చి చూసుకునేవాడు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

గోడకు ఊపిరి ఆడాలి. నీటి ఆవిరిని బయటికి పోనిచ్చే పూతలు అందుకే అవసరం. జర్మనీలో అడాల్ఫ్ విల్హెల్మ్ కైమ్ 1878లో పేటెంటు పొందిన సిలికేట్ రంగులు ఈ విషయంలో నాకు చాలా నచ్చుతాయి. వాటిలో పొటాషియం సిలికేట్ ఉంటుంది. అది గోడమీద ప్లాస్టిక్ పొరలా పరుచుకోకుండా సున్నం, సిమెంటు గిలాబాలోని ఖనిజాలతో రసాయనికంగా కలిసిపోతుంది, ఆవిరిని అడ్డుకోదు. అయితే పాత ఆక్రిలిక్ రంగు ఉన్న గోడమీద ఇది పట్టదు. ముందు ఆ రంగంతా తీసేయాలి. కొందరు ఆ ఒక్క మాట వినగానే వెనక్కి తగ్గుతారు.

అపోహ: స్ప్రే డబ్బాలు చేతిలో ఉంటే పని ఒక్క పూటలో అయిపోతుంది.

వాస్తవం: చిన్న స్టెన్సిల్ బొమ్మ అయితే కావచ్చు. రెండంతస్తుల గోడకు లెక్క వేరు. కొత్త సిమెంటు గిలాబా వేస్తే, రంగు తగిలే ముందు మామూలుగా 28 రోజులు ఆరనిస్తాం. పచ్చి సిమెంటులోని క్షారం కొన్ని రంగులను చంపేస్తుంది. ప్రష్యన్ నీలం అయితే క్షారం తగిలితే నిలవదు.

గోడ సిద్ధమయ్యాక తీరంలో రోజుకు దొరికే సమయం చాలా తక్కువ. తెల్లవారుజామున గోడ మంచుతో తడిగా ఉంటుంది. గోడ ఉపరితలపు ఉష్ణోగ్రత మంచుబిందు స్థానం (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉన్నప్పుడే రంగు వేయడం మా పనిలో నియమం. ఎండెక్కాక నేల వేడెక్కి, సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. అప్పుడు స్ప్రే తుంపర గోడకన్నా పక్కనున్న వాహనాలమీదే ఎక్కువగా పడుతుంది. మంచు ఆరడానికీ గాలి లేవడానికీ మధ్య ఉన్న ఆ రెండు మూడు గంటలే నాకు స్ప్రే పనికి దొరికేవి. మిగతా రోజంతా కుంచె, రోలర్. మధ్యాహ్నం పరంజా మీద ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తే, గాలి తగ్గేదాకా ఆగుతున్నానని అర్థం.

అపోహ: తీరపట్టణం అంటే చేపలు, పడవలు, అలలే వేయాలి.

వాస్తవం: నేను గట్టిగా వాదించే విషయం ఇది. సముద్రం ఊరివాళ్లకు రోజూ కనిపిస్తుంది. దాని బొమ్మ వాళ్లకంటే వచ్చిపోయేవాళ్లకే ఎక్కువ కావాలి. కెనడాలో వాంకూవర్ దీవిమీదున్న షెమేనస్ తీరంలోనే ఉంది, కానీ దాని బతుకు కలప మిల్లుతో ముడిపడింది. 1982లో అక్కడ గోడచిత్రాలు మొదలుపెట్టినప్పుడు అడవుల్లో చెట్లు కొట్టినవాళ్ల కథనూ, మిల్లు కార్మికుల కథనూ ఎంచుకున్నారు. మరుసటి ఏడాదే మిల్లు మూతపడింది. ఆ ఊరిని చూడటానికి జనాన్ని రప్పించింది ఆ గోడలే.

చిలీలోని వాల్పరైసోలో బెల్లావిస్తా కొండమీదున్న ఆరుబయటి మ్యూజియం కథ ఇంకా బరువైనది. 1969 నుంచి విద్యార్థులు గురువుతో కలిసి కొండ గోడలమీద చిత్రాలు వేశారు. 1973లో సైనిక తిరుగుబాటుతో ఆ పని ఆగిపోయింది. దాదాపు రెండు దశాబ్దాల తరవాత మళ్లీ చేపట్టి, 1992లో 20 చిత్రాలతో మ్యూజియంగా తెరిచారు. అక్కడ మెట్లెక్కుతూ ఒక్కో చిత్రం చూసేటప్పుడు ఆ మధ్యలో మాట్లాడలేకపోయిన సంవత్సరాలు కూడా గుర్తుంచుకోవాలి.

2021 ఆగస్టులో, అసలు పేరు బయటపెట్టని బ్రిటిష్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ ఇంగ్లండు తూర్పు తీరం వెంట కాంపర్ వ్యాన్‌లో తిరుగుతూ గ్రేట్ యార్మత్, లోస్టాఫ్ట్, క్రోమర్ వంటి ఊళ్లలో బొమ్మలు వేశాడు. క్రోమర్ సముద్రపు అడ్డుగోడమీద వేసింది పీతలనే, ఖాళీ గవ్వల్లో ఇల్లు చేసుకునే రకం పీతలను. కానీ అక్కడ ఖాళీ గవ్వల పక్కన ఒక పీత, ఖరీదైన అద్దెలు మాత్రమే అని రాసిన పలక పట్టుకుని ఉంటుంది. సముద్రపు జీవిని వేసినా చెప్పింది ఆ తీరంలో ఇల్లు దొరకనివాళ్ల గోడు.

అపోహ: పేరున్న కళాకారుడు వేస్తే ఆ చిత్రాన్ని ఎవరూ ముట్టుకోరు.

వాస్తవం: 2014లో ఇంగ్లండులోని క్లాక్టన్ ఆన్ సీలో బ్యాంక్సీ, వలసపక్షిని వెళ్లిపొమ్మనే పలకలు పట్టుకున్న పావురాల బొమ్మ వేశాడు. జాతివివక్షలా ఉందని ఒక ఫిర్యాదు రాగానే, అది ఎవరు వేశారో తెలియకుండానే స్థానిక మండలి దాన్ని తుడిపించింది. నిజానికి ఆ బొమ్మ వలసవచ్చినవాళ్లను వెళ్లగొట్టే మనస్తత్వాన్ని విమర్శించేది. అనుమతి ఉందా లేదా అన్నదాని కన్నా, గోడ ఎవరిది, దాన్ని చూసుకునేది ఎవరు అన్నదే చిత్రం ఎంతకాలం ఉంటుందో తేలుస్తుంది.

అపోహ: వెలిసిపోయిన చిత్రం నిర్లక్ష్యానికి గుర్తు.

వాస్తవం: కొన్నిచోట్ల అవును, అన్నిచోట్లా కాదు. మొరాకోలోని అసీలాలో 1978 నుంచి సాగుతున్న కళోత్సవంలో పాతబస్తీ తెల్లగోడలమీద చిత్రాలు వేస్తారు. తరవాతి ఉత్సవానికి సున్నం కొట్టి మళ్లీ కొత్తవి వేస్తారు. అక్కడ చెరిగిపోవడం కూడా పనిలో భాగమే. అట్లాంటిక్ గాలి సంగతి తెలిసినవాళ్ల పద్ధతి అది.

అపోహ: కారవాన్ ఉంటే చిత్రం ముందే ఆపి, అక్కడే రాత్రి గడపవచ్చు.

వాస్తవం: మంచి గోడలు తరచుగా పాతబస్తీ ఇరుకు సందుల్లోనే ఉంటాయి. కారవాన్‌ను ఊరి అంచున వదిలి నడిచి వెళ్లండి. తీరంలోని చాలా పార్కింగ్ స్థలాల్లో ఎత్తును అడ్డుకునే కమ్మీలు ఉంటాయి. వాహనం ఆపనిచ్చిన చోటల్లా నిద్రపోనిస్తారనుకోవద్దు. రెండింటికీ నియమాలు వేరు.

నాలా రంగులు మోసుకెళ్లేవాళ్లకు మరో రెండు మాటలు. పది లీటర్ల రంగు డబ్బా 13 కిలోల దాకా తూగుతుంది. వాటిని కారవాన్ వెనక భాగంలో పేరిస్తే దారిలో బండి పాములా ఊగుతుంది. ఇరుసు మీదుగా, కొద్దిగా ముందుకు సర్దాలి. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనీయవద్దని రాసి ఉంటుంది. ఎండలో మూసి ఉంచిన కారవాన్ అంత వేడెక్కడం కష్టమేమీ కాదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. కాబట్టి నేలలో ఉన్న గాలి రంధ్రాలను డబ్బాలతో మూసేయవద్దు.

అపోహ: గోడచిత్రాన్ని దూరంగా, ఎదురుగా నిలబడి చూడాలి.

వాస్తవం: మొదటిసారి అలాగే చూడండి. తరవాత ఉదయం ఎండ గోడకు పక్కగా పడే వేళకు మళ్లీ రండి. గోడకు ఆనుకున్నంత దగ్గరగా, పక్కనుంచి చూడండి. కింద చెరిపేసిన పాత అక్షరాల గీతలు, కొలతలకోసం గీసిన గళ్లు, గిలాబా అతుకు వేసిన చోట రంగు మందం మారడం, ఎక్కడో ఒకచోట ఉప్పు మొదటిసారి పొంగిన చిన్న తెల్లమచ్చ, అన్నీ కనిపిస్తాయి. ఆ మచ్చ కనిపిస్తే ఫోటో తీసి, ఆ చిత్రాన్ని చూసుకునేవాళ్లకు పంపండి. అంత చిన్నగా ఉన్నప్పుడే తెలిస్తే దాన్ని కాపాడటం సాధ్యమవుతుంది.