న్యూట్రల్‌లో పాసై, రోడ్డు మీద తప్పే రెక్క

పాత స్పోర్ట్స్ కారు నడిపే ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: "నిమిషానికి 4,500 చుట్లు దాటాక ఇంజనులో మునుపటి ఊపు లేదు. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో రేస్ చేసి చూస్తే ఇన్‌టేక్‌లోని (ఇంజనులోకి గాలి వెళ్లే దారిలోని) రెక్క చక్కగా కదులుతోంది. మరి లోపం ఎక్కడ?" నా అనుమానమంతా ఆ పరీక్ష మీదే.

అసలు ఆ రెక్క ఎందుకు? పాఠ్యపుస్తకాల్లో గాలి ఇంజనులోకి వెళ్లడాన్ని ఒక నీలం బాణంతో సరిపెడతారు. కాలవ పారినట్టు గాలి నింపాదిగా పోతుందన్న భ్రమ అక్కడే మొదలవుతుంది. నిజానికి నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండర్ సెకనుకు 50 సార్లు గాలి పీలుస్తుంది. పిస్టన్ దిగిన ప్రతిసారీ పుట్టే అల్పపీడన తరంగం గొట్టం వెంట ధ్వని వేగంతో ఎదురు పరుగెత్తి, తెరిచి ఉన్న చివరను తాకి, అధిక పీడన తరంగంగా మారి వెనక్కి వస్తుంది. ఇన్‌లెట్ వాల్వు మూసుకునేలోగా వచ్చిందా, కాస్త అదనపు గాలిని సిలిండర్‌లోకి తోస్తుంది. ఆలస్యమైతే ఆ లాభం పోయినట్టే.

లెక్క వేసి చూస్తే ముచ్చటేస్తుంది. తరంగం రాకపోకలకు క్రాంకు 90 డిగ్రీలు తిరిగేంత వ్యవధి ఉందనుకుందాం. 6,000 చుట్ల దగ్గర అది 2.5 మిల్లీసెకన్లు. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు కాబట్టి ఆ వ్యవధిలో 86 సెంటీమీటర్లు పోతుంది. రానూ పోనూ కలిపి 86 అంటే గొట్టం పొడవు 43 ఉండాలి. 3,000 చుట్ల దగ్గర వ్యవధి రెట్టింపు, కనుక పొడవూ రెట్టింపు. రెండో మూడో ప్రతిధ్వనిని వాడుకుని గొట్టాన్ని పొట్టిగా చేయవచ్చు గాని, ఈ నిష్పత్తి నుంచి తప్పించుకోలేం.

1991లో లెమాన్స్ పందెం గెలిచిన మాజ్డా 787బి ఈ చిక్కును గొట్టాల పొడవునే నిరంతరం మార్చి పరిష్కరించింది. రోడ్డు కార్లకు అంత ఆర్భాటం అక్కర్లేదు. పోర్షా కార్లలోని వారియోరామ్ అమరిక అయినా, హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌లోని రెండో గాలి గది అయినా, ఒక వేగం దాటాక రెక్కలాంటి మూతను కదిపి గాలి దారిని మార్చేస్తాయి.

చాలా పాత కార్లలో రెక్కను కదిపే పని చేసేది వాక్యూమ్, అంటే గాలి పీడనం తగ్గడం వల్ల పుట్టే లాగుడు. మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోని) వాక్యూమ్ ఒక రబ్బరు డయాఫ్రమ్‌ను (పొరను) లాగితే కడ్డీ కదిలి రెక్క తిరుగుతుంది. తమాషా ఇక్కడే ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గాలిని అదుపు చేసే మూత, థ్రాటిల్, బార్లా తెరుచుకుంటుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు మాయమవుతుంది. అంటే రెక్క అవసరం పడే క్షణానికే దాన్ని లాగే శక్తి ఉండదు! అందుకే ముందే కొంత వాక్యూమ్‌ను ఒక చిన్న డబ్బాలో దాచి, అది చేజారకుండా గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు పెడతారు. న్యూట్రల్‌లో 5,000 చుట్లకైనా థ్రాటిల్ కొంచెం తెరిస్తే చాలు, మానిఫోల్డ్‌లో బోలెడు వాక్యూమ్ మిగిలే ఉంటుంది. డబ్బా చిల్లుపడినా రెక్క ఆడుతుంది. అదే రోడ్డు మీద ఎత్తు ఎక్కుతూ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఆ కడ్డీ జారిపోతుంది, బానెట్ కింద ఏం జరిగిందో ఎవరికీ కనబడదు.

కనుక ఇంజనును కాసేపు నడిపి ఆపేయండి. పది నిమిషాలు ఆగి, డయాఫ్రమ్‌కు వాక్యూమ్ వదిలే విద్యుత్ వాల్వు, అంటే సొలినాయిడ్, ప్లగ్ ఊడదీసి (లేకపోతే ఇంజను కంప్యూటర్‌కు ముప్పు) దానికి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. 'టిక్'మన్న చప్పుడుతో కడ్డీ చివరిదాకా వెళ్లి అక్కడే నిలవాలి. సగంలో ఆగినా, మెల్లగా వెనక్కి జారినా వాక్యూమ్ ఎక్కడో కారుతోంది. ముందుగా రబ్బరు గొట్టాల చివరలు వంచి చూడండి, పగుళ్లు అక్కడే దాక్కుంటాయి. చెక్ వాల్వులో రెండు వైపుల నుంచీ ఊదండి, ఒకవైపే గాలి పోవాలి. చేతి వాక్యూమ్ పంపుతో డయాఫ్రమ్‌ను లాగి పట్టినప్పుడు పంపు మీటరులోని ముల్లు దిగుతుంటే డయాఫ్రమ్ చిరిగింది. ముల్లు నిలిచి, కడ్డీ కదిలి, రెక్క మాత్రం కదలకపోతే ఇరుసు దగ్గర మసి పట్టిందో, లంకె అరిగిందో చూడాలి. ప్లాస్టిక్ రెక్క వదులైతే ఆలస్యం చేయవద్దు, విరిగిన ముక్క సిలిండర్‌లో పడవచ్చు.

ఒక మెలిక ఉంది. వాక్యూమ్ లేనప్పుడు స్ప్రింగు రెక్కను ఎటు నెడుతుందన్నది అన్ని ఇంజన్లలో ఒకటి కాదు. టొయోటా 4ఏ-జీఈ ఇంజనులోని టీ-విస్ అనే ఇలాంటి అమరికలో, తక్కువ వేగంలో వాక్యూమ్ రెక్కలను మూసి ఉంచుతుంది. కాబట్టి అక్కడ గొట్టం ఊడితే నీరసం కనిపించేది తక్కువ వేగంలో.

1986–88 నాటి టర్బో లేని మాజ్డా ఆర్‌ఎక్స్-7 మరీ విచిత్రం. దాని అదనపు పోర్టులను (గాలి వెళ్లే రంధ్రాలను) తెరిచేది ఎగ్జాస్ట్‌లోని పీడనం. మోత పెరిగితే బలం పెరుగుతుందన్న మూఢనమ్మకంతో కొందరు సైలెన్సర్ పీకి ఖాళీ గొట్టం బిగిస్తారు. పీడనం పడిపోతుంది, పోర్టులు సరిగా తెరుచుకోవు, పై వేగంలో ఉన్న బలమూ పోతుంది. ఆ కారు దగ్గరికి వాక్యూమ్ పంపు తీసుకెళ్లి లాభం లేదు. పోర్టులను కదిపే యాక్చుయేటర్‌లోకి కొద్దిపాటి పీడనంతో గాలి పంపి, కడ్డీ కదులుతోందో లేదో చూడాలి.