సగం ఇగ్లూ, పక్కన పెట్టిన తుపాకులు

డాక్యుమెంటరీల్లో ఏఐతో పుట్టించిన దృశ్యాలు వాడొచ్చా అన్న గొడవ లేచినప్పుడల్లా అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ పేరు బయటికొస్తుంది. ఉత్తర కెనడా మంచు ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్‌ల మీద తీసిన 1922 నాటి ‘నానూక్ ఆఫ్ ద నార్త్’లో ఆయన కల్పించి తీయలేదా అంటారు. ఆ కల్పనకు మూలం ఒక సిగరెట్.

1916, టొరంటో. హడ్సన్ అఖాతం వైపు ఖనిజాల అన్వేషణకు తిరుగుతూ తీసిన నెగెటివ్ సర్దుతుంటే సిగరెట్ జారిపడింది. నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. సుమారు 30,000 అడుగులు బూడిదయ్యాయి. మిగిలిన ఒక్క ప్రింటు వేసి చూస్తే ఆయనకే విసుగొచ్చింది. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క, వాటిని కట్టే దారం లేదు. ఈసారి ఒకే కుటుంబం కథ తీయాలనుకున్నాడు. కథ అన్నాక పాత్రలు కావాలిగా! అల్లాకరియల్లక్ అనే వేటగాడు ‘నానూక్’ అయ్యాడు. తెరమీద భార్యగా కనిపించినామె ఆయన భార్య కాదు.

1920లో ఒక బొచ్చు వ్యాపార కంపెనీ డబ్బుతో మళ్లీ వెళ్లాడు. వెంట 75,000 అడుగుల ఫిల్ము, చలికి గడ్డకట్టే నూనె బదులు గ్రాఫైట్‌ను కందెనగా వాడే రెండు ఏక్‌లీ కెమెరాలు. ప్రింటు వేయడానికి కరెంటు వెలుతురు నిలకడగా లేదు. కిటికీ మూసేసి ఒక్క ఫ్రేమంత సందు వదిలి, మస్లిన్ గుడ్డ ముక్కలతో ఎండను హెచ్చించాడు, తగ్గించాడు. ఫిల్ము కడగడానికి నది మంచు తొలిచి నీళ్లు తెస్తే, తోలు బట్టల వెంట్రుకలు అందులో పడేవి.

మంచు దిమ్మెలతో కట్టే మామూలు ఇగ్లూ 12 అడుగుల వెడల్పు, కెమెరా పట్టదు. 25 అడుగులది కడుతుంటే కప్పు పదేపదే కూలింది. నిలబడ్డాక లోపల వెలుతురు చాలలేదు. చివరికి సగం గోడ తీసేస్తే, ఆ కుటుంబం ఆరుబయటి చలిలోనే నిద్ర నటించింది.

దీన్ని మోసం అనడం తొందరపాటు. వేట సంగతి వేరు. ఇన్యూట్‌ల దగ్గర అప్పటికే తుపాకులున్నాయి. వాటిని పక్కన పెట్టించి బల్లేలు పట్టించాడు. తాతలనాటి జీవితం చూపుతున్నానన్నది ఆయన సమర్థన. ఆ ముక్క తెరమీద వేయలేదు. 2024లో, డాక్యుమెంటరీలకు పాత దృశ్యాలు సేకరించిపెట్టేవాళ్ల సంఘం ఆర్కైవల్ ప్రొడ్యూసర్స్ అలయన్స్ ఇచ్చిన ఏఐ మార్గదర్శకాలు నొక్కిచెప్పేదీ ఇదే, ప్రేక్షకుడికి చెప్పండని.

అప్పటికి డాక్యుమెంటరీ అన్న మాటే సినిమాకు లేదు కదా అని అభిమానులు వెనకేసుకొస్తారు. నిజమే, స్కాట్లండ్‌కు చెందిన సినిమా విమర్శకుడు జాన్ గ్రియర్సన్ దాన్ని వాడింది 1926లో. కానీ 1934 నాటికి ఆ మాట స్థిరపడింది. ఆ ఏడే వచ్చిన ఫ్లాహర్టీ సినిమా కోసం ఐర్లండ్‌లోని అరన్ దీవుల జాలర్లు, ఎప్పుడో మానేసిన సొరచేపల వేటను కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.