సీసాలో వానపాములు

‘వానపాము రైతు నేస్తం’ అని బడిపిల్లలెవరైనా గడగడా అప్పజెబుతారు. ఎందుకని అడిగితే ‘నేలను గుల్లచేస్తుంది’ అన్న తర్వాతి వాక్యం వస్తుంది. రెండూ నిజమే. అయితే వానపామును ఒక్కసారీ ముట్టుకోని పిల్లలకు అవి నోటికొచ్చిన మాటలు, అంతే. ముందు ప్రాణిని పరిచయం చేసి, దాని ఉపయోగం సంగతి తర్వాత ఎత్తుకోవడం మేలు.

తొలకరి పడ్డాక కుండీల కింద, అరటిపాదుల్లో మట్టి కదిపితే దొరుకుతాయి. చేయి తడుపుకుని పట్టుకోమనాలి. వానపాముకు ఊపిరితిత్తులు లేవు. తడి చర్మంతోనే గాలి తీసుకుంటుంది. ఒళ్లు ఆరితే ఊపిరాడదు. వాన వెలిశాక రోడ్డు మీద ఎండిపోయి పడి ఉన్నవాటిని చూసిన పిల్లలకు ఇది వెంటనే బోధపడుతుంది. ఉప్పు చల్లి చూద్దామనే గడుగ్గాయి, ముక్కలు చేస్తే రెండవుతుందట అనే పండితుడు ప్రతి గుంపులోనూ ఉంటారు. రెండూ కుదరవని ముందే చెప్పేయాలి.

తర్వాత దాన్ని బిరుసు కాగితం మీద వదిలి చెవి దగ్గర పెట్టుకోమనండి. సన్నగా గీరుతున్న చప్పుడు వినిపిస్తుంది. కాళ్లు లేని ప్రాణికి ఈ చప్పుడెక్కడిది? దాని ఒంటి మీది వలయాలకు కంటికి ఆననంత చిన్న ముళ్లుంటాయి. వాటిని నేలకు ఆనించి పట్టు తెచ్చుకుంటూ, సాగుతూ, ముడుచుకుంటూ జరుగుతుంది. తోక నుంచి తలవైపు మెల్లగా నిమిరితే గరుకు వేలికి తెలుస్తుంది.

కళ్లు లేకపోయినా టార్చి వేస్తే తప్పుకుంటుంది. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి వేస్తే పెద్దగా పట్టించుకోదు. చార్లెస్ డార్విన్ ఇంట్లో చేసినవి దాదాపు ఇలాంటి పరీక్షలే. కుండీల్లో వానపాములను పెంచి, వాటి దగ్గర బసూన్ అనే ఊదే వాయిద్యం మోగింపించాడు, పియానో గట్టిగా వాయింపించాడు. ఉలుకూ పలుకూ లేదు. కుండీలను పియానో మీదే పెట్టి ఒక్క మెట్టు నొక్కితే బొరియల్లోకి దూరిపోయాయి. చెవులు లేవు గానీ అదురు తెలుస్తుందన్నమాట. 1881లో, చనిపోవడానికి ఆరు నెలల ముందు వెలువడిన పుస్తకంలో ఇవన్నీ రాశాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి వానపాముల పొట్టల గుండా వెళ్తుందని అంచనా కట్టిందీ అందులోనే.

ఆ పొట్టలో ఏం జరుగుతుంది? వానపాముకు పళ్లు లేవు. మింగిన ఆకుముక్కలను, మట్టిని కండరాల సంచి ఒకటి ఇసుక రేణువుల సాయంతో తిరగలిలా నూరుతుంది. ఉండలు ఉండలుగా బయటికి వచ్చే మట్టిలో, వేళ్లు తీసుకోగల నత్రజని, భాస్వరం చుట్టుపక్కల మట్టిలో కంటే ఎక్కువ. బొరియల వెంట వాననీరు ఇంకుతుంది, వేళ్లు దిగుతాయి.

ఇది కళ్లారా చూపాలంటే గాజు సీసాలో ఇసుక, మట్టి పొరలుగా పోసి, తడిపి, వానపాములను వదిలి, పైన ఎండుటాకులు వేసి, నల్లగుడ్డ చుట్టి ఉంచాలి. కొద్ది రోజులకు పొరలు చెదిరి, ఆకులు కిందికి దిగుతాయి. వర్మికంపోస్టు తొట్టిలోవి మాత్రం తేవద్దు. అందులో పెంచే ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజినే అనే రకాలు పైపైన కుళ్లే చెత్తలోనే తిరుగుతాయి. ఇసుక గీత చెక్కుచెదరదు, పిల్లలు ఉసూరుమంటారు. నేలను తవ్వే రకాలు పెరటి మట్టిలోవే.

అమెరికాలోని మిన్నసోటాలో పెరిగే మన పిల్లలకైతే ‘నేస్తం’ పాఠం సగమే పనికొస్తుంది. మంచుయుగంలో అక్కడ వానపాములు లేకుండాపోయాయి. ఆ తర్వాతి అడవులు అవి లేకుండానే ఎదిగాయి. వలస వచ్చినవారి మొక్కల మట్టితో, చేపల ఎరగా చేరిన ఐరోపా వానపాములు అడవి నేల మీది ఆకుల పరుపును తినేస్తుంటే లేత మొక్కలు దెబ్బతింటున్నాయి. మిగిలిన ఎరను అడవిలో వదలకుండా చెత్తబుట్టలో వేయాలని అక్కడి ప్రకృతి వనరుల శాఖ జాలరులకు చెబుతోంది.