గుట్ట పేరు, యాదయ్య పేరు

యాదాద్రా, యాదగిరిగుట్టా అన్న పేచీ పదేళ్ల నాటిది. గుట్ట మీది నరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణం తలపెట్టిన రోజుల్లో 'యాదాద్రి' వాడుకలోకి తెచ్చారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు యాదాద్రి భువనగిరి అని జిల్లాకే పెట్టేశారు. నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గరి 4,000 మెగావాట్ల థర్మల్ కేంద్రానికీ అదే పేరు. గుట్ట ఎక్కడ, దామరచర్ల ఎక్కడ! 2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రికార్డుల్లో మళ్లీ యాదగిరిగుట్ట అనే రాయాలన్నారు.

నిజానికి అర్థంలో తేడా ఏమీ లేదు. గిరి అన్నా అద్రి అన్నా కొండే. యాద, అద్రి కలిస్తే సవర్ణదీర్ఘ సంధి, అంతే. యాదగిరికి మళ్లీ 'గుట్ట' తగిలిస్తే ఒకే పేరులో కొండ రెండుసార్లు వచ్చినట్టు. చుట్టుపక్కల జనానికి ఈ లెక్కలు పట్టవు, 'గుట్టకు పోయొచ్చినం' అంటే చాలు. పేరులోని 'యాద' ఎవరంటే, స్థలపురాణంలో యాదుడు ఋష్యశృంగుడి కొడుకు. అతని తపస్సుకు మెచ్చి నరసింహస్వామి ఐదు రూపాల్లో వెలిశాడంటారు. జ్ఞాపకానికి తెలంగాణలో వాడే 'యాది' ఉర్దూ 'యాద్' నుంచి వచ్చింది, దానికీ గుట్టకూ చుట్టరికం లేదు.

కొండ పేరు మనుషులకు మొక్కుతో వస్తుంది. స్వామికి మొక్కుకున్నాక పుట్టిన కొడుకు యాదగిరి, కూతురు యాదమ్మ. 'గిరి' తీసి అయ్య చేరిస్తే యాదయ్య. ఉత్తరాంధ్రలో సింహాచలం పేరు మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఉంటుంది. అక్కడి స్వామి అప్పన్న పేరు మీద అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలమ్మ పుట్టారు. యాదాద్రి అన్న మాట వచ్చేనాటికే యాదయ్యలు తాతలయ్యారు.

చిక్కంతా కాగితాల దగ్గర. బడి సర్టిఫికెట్‌లో యాదగిరి, పాసు పుస్తకంలో యాదయ్య అని ఉంటే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. అదే ఊళ్లో ఇంకో యాదయ్య ఉంటే తండ్రి పేరు, ఇంటిపేరు పూర్తిగా రాయక తప్పదు, పొడి అక్షరాలు పనికిరావు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా రెండు అవకాశాలే ఉంటాయి కాబట్టి, బడి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ముందు దాంట్లోని పేరు చూసుకుని, మిగతావి దానికి సరిపెట్టుకోవడం మేలు.

రైలెక్కేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. కర్ణాటకలోనూ ఒక యాదగిరి ఉంది. 2010లో గుల్బర్గా నుంచి విడిపోయి జిల్లా అయింది, రైల్వే వాళ్లు యాద్గిర్ అంటారు. ఆ స్టేషన్ రాయచూరు, వాడి మధ్య వస్తుంది. నరసింహస్వామి దర్శనానికి టికెట్ తీసుకునేవాళ్లు భువనగిరికి తీసుకుంటే పొరపాటు ఉండదు. అక్కడ దిగి రోడ్డు మీద గుట్టకు వెళ్లొచ్చు.