మేస్త్రీ అడ్వాన్సు: శిక్ష నుంచి రక్షణ దాకా

గోదావరి డెల్టాలో ఇటుక బట్టీకి వెళ్లే కుటుంబమైనా, రొయ్యల చెరువు కాపలాకు కుదిరే మనిషైనా తరచుగా కూలీలను కూడగట్టే మేస్త్రీ దగ్గర ముందుగా కొంత సొమ్ము తీసుకున్నాకే పనిలోకి దిగుతారు. ఆ అడ్వాన్సు విషయంలో ప్రభుత్వం ఎవరి పక్షాన నిలిచిందన్నది గడచిన నూట అరవై ఏళ్లలో పూర్తిగా తలకిందులైంది.

1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారాక, ఊడ్పులకూ కోతలకూ గట్ల పనికీ మనుషుల అవసరం పెరిగింది. అప్పటి పాలకులు చేసిన చట్టాలు కూలీని కాపాడటానికి కాదు, పని తప్పించుకోకుండా చూడటానికి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నాటి చట్టం, వరదకు గట్టు తెగే ప్రమాదం ఉంటే గ్రామస్థుల చేత నిర్బంధంగా పని చేయించే అధికారమిచ్చింది. 1859 నాటి మరో చట్టం ఇంకా కఠినమైనది: అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, పనికి పంపడమో సొమ్ము కట్టించడమో చేయవచ్చు, ఆ ఆజ్ఞ మీరితే జైలుకూ పంపవచ్చు. యజమాని కూలి ఎగ్గొడితే మాత్రం అది సివిల్ తగాదాయే. మొదట ప్రెసిడెన్సీ నగరాలైన కలకత్తా, మద్రాసు, బొంబాయిల కోసం చేసి, తర్వాత ఇతర ప్రాంతాలకు విస్తరించిన ఈ చట్టాన్ని 1925లో గానీ రద్దు చేయలేదు. కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగూన్ బియ్యం మిల్లులకు వెళ్లిన మన కూలీలను, అక్కడ కోరంగీలని పిలిచినవారిని, మేస్త్రీలు కూడగట్టిందీ అడ్వాన్సులతోనే.

స్వాతంత్ర్యం తర్వాత 1948 కనీస వేతనాల చట్టం వ్యవసాయ కూలీని కూడా లెక్కలోకి తెచ్చింది. అసలు మలుపు 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. అది వెట్టి అప్పును, అంటే మనిషిని చాకిరీకి కట్టిపడేసే అప్పును, తీర్చాల్సిన బాధ్యతనే రద్దు చేసింది. అంతేకాక, ఫలానా అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. లెక్క మేస్త్రీ నోటు పుస్తకంలో తప్ప మరెక్కడా ఉండని చోట ఇది చిన్న మార్పు కాదు.

అయిదుగురు వలస కూలీలున్నా వర్తించిన 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో, అంటే పలు కార్మిక చట్టాలను ఒక్కటిగా కలిపిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల చట్టంలో, కలిసిపోయింది. ఇప్పుడా సంఖ్య పది. ఒడిశా నుంచి వచ్చి చెరువు గట్టున పాకలో ఉంటున్న ఇద్దరు ముగ్గురు ఆ లెక్కకు అందరు. 1976 చట్టానికి మాత్రం సంఖ్యతో పని లేదు. గట్టు మీద ఒక్కడే ఉన్నా వర్తిస్తుంది.